హత్యల వరుస, కాపురంలో కలత: విశాఖ నేపథ్యంలో సస్పెన్స్ నవల రాసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకోసారి ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నవలలు రాసేవాళ్లం, రాద్దామనుకునేవాళ్లం కలిసి కూర్చుంటాం. వరుస హత్యల కేసు తవ్వే పోలీసు ఒకవైపు, అతని ఇంట్లో కూలిపోతున్న కాపురం ఇంకోవైపు పెట్టుకుని రాసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్ల సందేహాలు మాత్రం ప్రతిసారీ అవే. చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసి ఉంచితే మేలనిపించింది. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేకుండా రాశాను.

## మొదలుపెట్టే ముందు

ఎన్ని హత్యలు జరిగితే సీరియల్ హత్యలు అనాలి? రెండా, మూడా?

పాత లెక్కలో మూడు, నడుమ కొంత విరామం. అమెరికా ఎఫ్‌బీఐ 2005లో నిపుణులందరినీ కూర్చోబెట్టి చర్చించాక, ఒకే మనిషి వేర్వేరు సందర్భాల్లో ఇద్దరిని చంపినా చాలంది. మన చట్టంలో ఈ నేరానికి ప్రత్యేకంగా సెక్షన్ లేదు. భారతీయ న్యాయ సంహితలో హత్యకు 103వ సెక్షన్, అంతే. ఐదుగురు చనిపోతే ఐదు ఎఫ్‌ఐఆర్‌లు, ఐదు కేసు డైరీలు. వాటిని పక్కపక్కన పెట్టి "ఇవన్నీ ఒకడి పనే" అనే మనిషి ఒకరు కావాలి. మీ నవలలో ఆ మనిషి ఎవరో, ఏ అర్ధరాత్రి ఏ కాగితం చూసి ఆ మాట అన్నారో తేల్చుకున్నాకే మొదటి అధ్యాయం రాయండి.

కాపురం కథ ఎందుకండీ? ఒక్క హత్యల కథ రాస్తే సరిపోదా?

సరిపోతుంది. కానీ రెండూ పెట్టాలనుకుంటే ఎందుకు పెడుతున్నారో తెలిసి పెట్టండి. స్టేషనులో అనుమానానికి లెక్క ఉంది. పంచనామా కావాలి, మధ్యవర్తుల సంతకాలు కావాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇంట్లో అనుమానానికి ఇవేవీ అక్కర్లేదు. ఫోను మోగి ఆగిపోతే చాలు, శిక్ష మొదలైపోతుంది. పగలంతా "ఆధారం లేకుండా ఎవరినీ ముట్టుకోవద్దు" అని కానిస్టేబుళ్లకు చెప్పే సీఐ, ఇంటికొచ్చి ఏ ఆధారమూ లేకుండా భార్యను నేరస్తురాలిని చేస్తాడు. మీ నవల బతికేది ఈ రెండు కొలతల మధ్యే. ఆ తేడా మీ కథలో కనపడకపోతే కాపురం అధ్యాయాలు పాఠకుడు తిప్పేసే పేజీలవుతాయి.

హంతకుడెవరో నాకు ముందే తెలిసుండాలా? రాస్తూ పోతే తేలదా?

తెలిసుండాలి. రాస్తూ పోతే తేలిన హంతకుడికి మొదటి వంద పేజీల్లో పని ఉండదు. చివర్లో అతన్ని తెచ్చి కూర్చోబెడితే పాఠకుడు మోసపోయానని బాధపడతాడు, ఆ బాధ న్యాయమైనదే.

నా సీఐ ఆడవాళ్లయితే? భర్త ఇంట్లో ఉంటే?

రాయండి, కొత్తగా ఉంటుంది. అయితే మగ సీఐ కథలో భార్య పాత్రను తీసేసి అక్కడ భర్తను అతికిస్తే కుదరదు. మగ సీఐ రాత్రి రెండింటికి ఇంటికొస్తే అది డ్యూటీ. ఆడ సీఐ అదే వేళకొస్తే అత్తగారు హాల్లో లైటు వేసుకుని కూర్చుని ఉంటారు, పక్క ఫ్లాటు తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది. ఆ లైటు దగ్గర కథ మొదలుపెట్టండి.

## దర్యాప్తు

మొదటి శవం దొరికిన రోజు పోలీసులు అసలేం చేస్తారు?

112కి ఫోను వస్తుంది, లేదా ఎవరో స్టేషనుకు పరిగెత్తుకొస్తారు. చావెలా వచ్చిందో తేలకపోతే ముందు అనుమానాస్పద మృతిగా కేసు కడతారు. హత్యేనని కళ్లకు కనపడుతుంటే నేరుగా 103. ఎస్సై వెళ్లి జనాన్ని దూరం జరుపుతారు, క్లూస్ టీమ్, డాగ్ స్క్వాడ్ వస్తాయి. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలని కొత్త చట్టం చెబుతోంది. సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలి. ఆ తర్వాత శవ పంచనామా.

ఈ పంచనామా దగ్గర ఆగి రాయండి. జీపు బానెట్ మీద అట్ట పెట్టుకుని కానిస్టేబుల్ రాస్తుంటాడు: తల ఏ దిక్కున ఉంది, కుడి చెయ్యి ఎలా ఉంది, చీర రంగు, మెడలో పసుపుతాడు ఉందా, రెండు కాళ్లకూ వెండి మెట్టెలు ఉన్నాయా. ఆమె పన్నెండేళ్ల కాపురం ఆ కాగితం మీద ఒక తాడు, రెండు మెట్టెలుగా మిగులుతుంది. అది చదువుతున్న సీఐకి తన భార్య మెట్టెలు తీసేసి డ్రెస్సింగ్ టేబుల్ సొరుగులో వేసి ఎన్నాళ్లయిందో గుర్తు రావాలి. మీరు విడిగా ఏమీ వివరించక్కర్లేదు.

పంచనామా అయ్యాక శవాన్ని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మార్చురీకి తీసుకెళ్తారు. బయట చెట్టు కింద బంధువులు ఎదురుచూస్తుంటారు. అక్కడ ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఫోనులో మాట్లాడుతున్నారో చూడటం కూడా దర్యాప్తే.

302 అని రాయాలా, 103 అని రాయాలా?

నేరం జరిగిన తేదీని బట్టి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకొచ్చాయి. ఆ రోజు, ఆ తర్వాత జరిగిన హత్యకు 103. అంతకుముందు జరిగినదైతే పాత ఐపీసీ 302. మీ హంతకుడు 2023లో ఒకరిని, 2025లో ఒకరిని చంపితే రెండు ఫైళ్ల మీద రెండు సెక్షన్లు ఉంటాయి. ఆ తేడాను పట్టుకుని, స్టేషనులో కాగితాలు రాసే ఒక పాత రైటరు చేత మంచి మాట చెప్పించవచ్చు.

ఒకడే చంపుతున్నాడని పోలీసులకు అంత ఆలస్యంగా తెలుస్తుందా? పాఠకులు నమ్ముతారా?

నిజంగా జరిగింది చూడండి. కర్ణాటకలో మోహన్ కుమార్ అనే బడి మాస్టారు పెళ్లి చేసుకుంటానని నమ్మించి ఇరవైమంది ఆడవాళ్లకు సైనైడ్ ఇచ్చి చంపాడు. అతను పట్టుబడింది 2009లో. బస్టాండు మరుగుదొడ్లలో ఒక్కొక్కరే చనిపోయి కనపడుతుంటే, ఊరికో స్టేషను దాన్ని ఆత్మహత్యో అసహజ మరణమో అని మూసేసింది. ఇంగ్లండులో పీటర్ సట్‌క్లిఫ్ పదమూడుమందిని చంపాడు. 1981 జనవరిలో దొరికేలోపు పోలీసులు అతన్ని తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. కాగితపు కార్డుల మీద రాసుకున్న సమాచారం గుట్టలుగా పేరుకుపోయి, ఒక కార్డుకు ఇంకో కార్డు కలవలేదు. పైగా ఎవరో ఆకతాయి పంపిన టేపును హంతకుడి గొంతని నమ్మి, ఆ యాస మాట్లాడనివాళ్లను పక్కన పెట్టారు.

మన దగ్గర సరిహద్దులే చాలు. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడు ముక్కలైంది. ఒక శవం భీమిలిలో, ఇంకొకటి భోగాపురంలో, మూడోది యలమంచిలిలో దొరికితే, ఒకటి విశాఖ కమిషనరేటు, ఒకటి విజయనగరం జిల్లా, ఒకటి అనకాపల్లి జిల్లా. నాలుగోది దువ్వాడ దగ్గర పట్టాల మీద ఉంటే అది రైల్వే పోలీసులది. నాలుగు స్టేషన్లూ తమ తమ పని నిజాయితీగా చేసినా నాలుగు ఫైళ్లూ ఒకదాన్నొకటి చూసుకోవు. పోలీసులను తెలివితక్కువవాళ్లుగా చూపించాల్సిన అవసరమే రాదు.

కొత్తగా పెళ్లయిన అమ్మాయిని హంతకుడు చంపితే అనుమానం భర్త మీదికి వెళ్తుందా?

వెళ్తుంది, బలంగా. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అనుమానాస్పదంగా చనిపోతే శవ పంచనామాకు తహసీల్దారు వస్తారు. చనిపోయే ముందు కట్నం కోసం వేధించారని రుజువైతే, అది వరకట్న మృతేనని కోర్టు భావించి, కాదని నిరూపించే బరువు భర్త మీద పెడుతుంది. ఎందరో ఆడపిల్లల చావుల తర్వాత వచ్చిన నియమమది, దాన్ని తేలిక చేసి రాయకండి. ఈ కథలో బాధంతా ఇక్కడుంది: ఆ భర్త నిజంగానే కట్నం కోసం పీడించాడు, చంపింది మాత్రం వేరొకడు. ఆ అమ్మాయి తండ్రి వేలు చూపించేది అల్లుడివైపే. తండ్రి చెప్పేది అబద్ధం కాదు. నాకు తెలిసి ఈ రకం నవలల్లో ఇంతకన్నా గట్టి ముడి లేదు.

డాక్టరు గారు "రాత్రి 11.20కి ప్రాణం పోయింది" అని చెప్పొచ్చా?

చెప్పరు. ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య అంటారు. శరీరం బిగుసుకోవడం, నెత్తురు కిందికి దిగి మచ్చ కట్టడం, కడుపులో తిండి ఎంతవరకు అరిగింది, ఇవన్నీ చూసి ఒక అంచనాకు వస్తారు. వేసవిలో పొత్తికడుపు కుడివైపున ఆకుపచ్చ మచ్చ 12 నుంచి 18 గంటల్లోనే కనపడుతుంది, చలికాలంలో ఒకటి రెండు రోజులు పడుతుంది. మే నెల విశాఖ ఉక్కపోత వేరు, జనవరి వేరు. ఆ అంచనాలోని ఆరేడు గంటల వెడల్పే మీకు వరం. ఆ ఆరు గంటల్లో సీఐ భార్య ఎక్కడుందో కూడా సీఐకి తెలియకపోవచ్చు.

హంతకుడు సీఐ ముందు అంతా ఒప్పేసుకుంటాడు. కథ అయిపోయినట్టేనా?

కాదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ఆ సంగతే చెబుతోంది, పాత చట్టమూ అంతే. అతను చూపించిన చోట కత్తి దొరికితే, ఆ దొరకడానికి దారి తీసిన మాట వరకే పనికొస్తుంది. పూర్తి ఒప్పుకోలు నిలబడాలంటే మేజిస్ట్రేటు ముందు, ఎవరి ఒత్తిడీ లేదని నిర్ధారించుకున్నాక జరగాలి.

నా మొదటి నవల ఈ తప్పుతోనే అచ్చయింది. చివరి అధ్యాయంలో హంతకుడు లాకప్‌లో కూర్చుని ఎనిమిది పేజీలు మాట్లాడతాడు, దానితో కథ ముగుస్తుంది. ఒక వకీలు గారు కార్డు రాశారు: "అమ్మా, మీ హంతకుడు మర్నాడే బయటికొస్తాడు. చనిపోయిన ముగ్గురికీ మీరు న్యాయం చెయ్యలేదు." ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది. అప్పటినుంచి నా కథల్లో ఒప్పుకోలు నడిమధ్యలో వస్తుంది. అసలు ఉత్కంఠ అక్కడ మొదలవుతుంది: అన్నీ తెలిసిపోయాయి, నిరూపించడానికి ఏమీ లేదు, 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే అతనికి బెయిలు హక్కుగా వస్తుంది.

ప్రతి సందులో సీసీ కెమెరా, ప్రతి జేబులో ఫోను. ఈ రోజుల్లో హంతకుడు దొరక్కుండా ఎలా ఉంటాడు?

కెమెరాలో ముందు దొరికేది టోపీ, మాస్కు, హెల్మెట్. దుకాణాల రికార్డర్లలో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి, నాలుగు రోజులు ఆలస్యమైతే అడిగి లాభం లేదు. టవర్ డంప్ తీస్తే ఆ గంటలో ఆ టవరు కింద ఉన్న నంబర్లన్నీ వేలల్లో వస్తాయి. మూడు హత్యాస్థలాల జాబితాలు కలిపి, మూడింటిలోనూ ఉన్న నంబరు వెతకాలి. హంతకుడు ఫోను ఇంట్లో వదిలి వెళ్తే ఆ నంబరు ఉండదు. ఫోను ఇంట్లోనే ఉందని కాల్ డేటా చెబుతుంది, మనిషి ఉన్నాడో లేడో చెప్పగలిగింది భార్య ఒక్కతే. చూడండి, సాంకేతికత తిరిగి తిరిగి కాపురం గుమ్మంలోకే వచ్చి ఆగింది.

ఫోన్లే లేని రోజు కావాలంటే హుద్‌హుద్ ఉంది. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. చీకటి, కూలిన చెట్లు, ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ తెలియని రాత్రులు. ఆ వారం జరిగిన ఒక చావును అందరూ తుపాను ఖాతాలో రాసేసి ఉంటే?

## కాపురం

మొగుడూ పెళ్లాల గొడవలు రాస్తుంటే టీవీ సీరియల్ లాగా వస్తోంది. ఏం చెయ్యాలి?

గొడవ రాయకండి. వస్తువు రాయండి. ఒక క్యారేజీ తీసుకోండి. సీఐ భార్య రోజూ నాలుగు గిన్నెల క్యారేజీ కట్టి పంపుతుంది. కేసు మొదలైన వారంలో అది సగం తిని తిరిగొస్తుంది. రెండో నెలలో మూత కూడా తీయకుండా వస్తుంది, పప్పు పులిసిపోయి ఉంటుంది. ఆమె ఏమీ అనదు, పారబోసి తోముతుంది. ఒకరోజు క్యారేజీ ఖాళీగా, శుభ్రంగా తోమి, ఆరబెట్టి వస్తుంది. పదిహేనేళ్లలో అతను ఒక్కసారి కూడా చెయ్యి కడిగిన చోట గిన్నె కడిగినవాడు కాదు. ఆమె ఆ గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. వాళ్లింట్లో వాడే సబ్బు వాసన కాదు.

ఇప్పుడు అదే వస్తువును కేసులోకి తీసుకెళ్లండి. మూడో హతురాలి వంటింట్లో అంట్లన్నీ తొట్టిలోనే ఉన్నాయి, రెండు టీ గ్లాసులు మాత్రం కడిగి బోర్లించి ఉన్నాయి. క్లూస్ టీమ్ వేలిముద్రలు లేవని రాసుకుని వెళ్లిపోతుంది. సీఐకి అది తట్టదు. ఇంటికొచ్చి మాటల్లో చెబితే భార్యే అంటుంది: "కడిగినవాళ్లు ఆ ఇంటివాళ్లు కాదండీ. ఇంటావిడైతే అంట్లన్నీ తోముతుంది, లేదా అన్నీ వదిలేస్తుంది." కేసు ఒక అడుగు ముందుకు పడుతుంది. తన క్యారేజీ సంగతి ఆమెకు తెలుసని కూడా అతనికి ఆ క్షణాన అర్థమవుతుంది. ఇద్దరూ అన్నం ముందు కూర్చుని ఉంటారు. ఒక్క అరుపు అక్కర్లేదు.

హంతకుడి భార్యకు ఏళ్ల తరబడి ఏమీ తెలియదంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. అమెరికాలో డెనిస్ రేడర్ 1974 నుంచి 1991 వరకు పదిమందిని చంపాడు. భార్య, ఇద్దరు పిల్లలు, చర్చి సంఘంలో అధ్యక్ష పదవి, అన్నీ ఉన్నాయి. 2005లో పోలీసులను సవాలు చేస్తూ పంపిన ఫ్లాపీలో చెరిపేశాననుకున్న ఫైలు వివరాలు బయటపడి దొరికాడు. అదే ఏడాది కోర్టు నిరీక్షణ గడువు కూడా లేకుండా అతని భార్యకు విడాకులిచ్చింది. నలభై ఎనిమిది హత్యలు ఒప్పుకున్న గ్యారీ రిడ్జ్‌వే కూడా అమెరికావాడే, పట్టుబడేనాటికి అతనిది మూడో పెళ్లి.

మీరు రాయాల్సింది "ఆమెకు తెలుసా?" అన్న ప్రశ్నకు జవాబు కాదు. పోలీసులు వెళ్లాక ఆమె ఒక్కతే కూర్చుని పాత రోజులన్నీ తిరగేసుకునే రాత్రి. ఆ ఉగాదికి ఆలస్యంగా ఎందుకొచ్చాడు? ఆ గొలుసు నాకెందుకు కొన్నాడు? కొన్నాడా, తెచ్చాడా? ఊళ్లోవాళ్లు ఆమెను కూడా దోషిలాగే చూస్తారు. రచయిత ఆమె పక్కన నిలబడాలి.

భర్తకు వ్యతిరేకంగా భార్య కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కానీ ఒక అడ్డుగోడ ఉంది. కాపురంలో ఉండగా భర్త తనకు చెప్పిన మాటలను, అతని అనుమతి లేకుండా బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. కళ్లతో చూసిన పనులకు ఆ అడ్డు లేదు. 1954లో సుప్రీంకోర్టు రామ్ భరోసే కేసులో దీన్ని తేల్చింది. తెల్లవారుజామున భర్త పైకప్పు మీంచి దిగడం, గడ్డి కొట్టులోకి వెళ్లడం, స్నానం చేయడం ఆ భార్య చూసింది. చూసినది సాక్ష్యంగా నిలిచింది, అతను ఆమెతో అన్నది నిలవలేదు. దంపతుల్లో ఒకరు ఇంకొకరి మీదే నేరం చేసిన కేసులో ఈ రక్షణ ఉండదు.

నవలాకారుడికి ఇంతకన్నా ఏం కావాలి? మంచం మీద చీకట్లో చెప్పినది చెల్లదు, పెరట్లో చొక్కా ఉతుక్కోవడం చెల్లుతుంది. ఆమె ఏం చూసిందో ఏం విన్నదో విడదీసి చెప్పమని పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) అడిగే సన్నివేశం రాయండి.

భార్య మాటలు రహస్యంగా రికార్డు చేశాడు. విడాకుల కేసులో అది పనికొస్తుందా?

2025 జులై 14న సుప్రీంకోర్టు పనికొస్తుందనే చెప్పింది. అంతవరకు వెళ్లిన కాపురంలో నమ్మకం అప్పటికే పోయిందని కూడా అంది. నేరగాళ్ల ఫోన్లు వినడానికి సీఐ పై అధికారుల అనుమతి కోసం తిరుగుతూ, ఇంట్లో దిండు కింద ఫోను రికార్డింగులో పెడితే ఎలా ఉంటుందో రాసి చూడండి.

విడాకులు ఒక అధ్యాయంలో ఇప్పించెయ్యొచ్చా?

కుదరదు. ఇద్దరూ ఒప్పుకున్నా ముందు ఏడాది విడిగా ఉండాలి, అర్జీ పెట్టాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలను తగిన కారణం ఉంటే కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో తీర్పొచ్చింది. ఇక కలవలేనంతగా చెడిన పెళ్లిని రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు రద్దు చేయగలదని 2023లో తేలింది, ఆ అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు. వివాహేతర సంబంధం 2018 నుంచి నేరం కాదు, విడాకులకు కారణంగా మాత్రం ఉంది. మన హైకోర్టుదే ఒక ముచ్చట ఉంది. విడిపోయిన భార్యను కాపురానికి రమ్మని ఆదేశించే సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో కొట్టేసింది, మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ సెక్షన్ ఇప్పటికీ ఉంది. మీ సీఐ దాని కింద నోటీసు పంపితే, ఆ నోటీసు భార్య చేతికిచ్చే కోర్టు మనిషి ముఖం దగ్గర కాసేపు ఆగండి.

## ఊరు

వైజాగ్ అనగానే ఆర్కే బీచ్, కైలాసగిరి రాస్తున్నాను. సరిపోదా?

అవి చూడటానికి వచ్చినవాళ్ల వైజాగ్. ఇక్కడి కాపురాలను షిఫ్టులు నడిపిస్తాయి. ఉక్కునగరంలో సీ షిఫ్టు చేసిన మనిషి రాత్రి పదికి వెళ్లి పొద్దున్న ఆరున్నరకు ఇంటికొస్తాడు. భార్య బడిలో టీచరైతే ఏడింటికి బస్సెక్కుతుంది. రోజుకు అరగంట కాపురం. నేవీ ఇళ్లలో నెలల తరబడి అదీ ఉండదు. మధురవాడ కొండ మీది ఆఫీసుల్లో అమెరికా గడియారం. హాజరు యంత్రంలో వేలు పెట్టిన మనిషికి ఎనిమిది గంటల సాక్ష్యం దొరుకుతుంది, ఆ ఎనిమిది గంటలూ ఇల్లు ఒంటరిగా ఉంటుంది. ఎవరిల్లు ఏ వేళ ఒంటరో తెలిసినవాడు మీ హంతకుడు. పాలవాడా, గ్యాసు బండవాడా, షిఫ్టు బస్సు డ్రైవరా, అది మీ ఇష్టం.

సముద్రంలో పడేసిన శవం ఎక్కడ తేలుతుంది?

ముందు మునుగుతుంది. లోపల గాలి పుట్టాక తేలుతుంది, మన వెచ్చని నీళ్లలో రెండు మూడు రోజుల్లోనే. తీరం వెంట ప్రవాహం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరంగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా ఉంటుంది. అంటే మార్చిలో భీమిలి వైపు వెతకాలి, నవంబరులో గంగవరం వైపు. జాలారిపేటలో పెద్దవాళ్లను అడిగితే గాలి చూసి చెబుతారు. ఆర్కే బీచ్, యారాడల్లో లోపలికి లాగే ప్రవాహాలకు ఏటా మనుషులు బలవుతున్నారు, కాబట్టి ఒడ్డున దొరికిన శవాన్ని "మునిగిపోయాడు" అని రాసెయ్యడం సులువు. ఎముక మూలుగలో సముద్రపు సూక్ష్మజీవుల పెంకులు ఉన్నాయా అని చూస్తారు. నీళ్లలో ఊపిరి తీసినవాడి మూలుగలోకే అవి చేరతాయి.

ఉత్తరాంధ్ర యాసలో రాయాలా? బయటివాళ్లకు అర్థమవుతుందా?

ఎవరు మాట్లాడతారో వాళ్లతోనే మాట్లాడించండి. అందరి నోటా "ఏటి, ఎలగ" పెడితే వేషం వేసినట్టుంటుంది. యాస కేసులో భాగమైతే ఇంకా మంచిది. సీఐ గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చాడనుకోండి. కంచరపాలెంలో ఇడ్లీబండి పెద్దాయన అంటాడు: "రేత్రి ఆ గుంట దగ్గిరే నిలబడున్నాడు బావూ, నాను సూసినాను." సీఐ "గొయ్యి దగ్గర" అని రాయించుకుని, మనుషుల్ని పెట్టి ఆ వీధిలో గోతులన్నీ వెతికిస్తాడు. ఇక్కడ గుంట అంటే చిన్న ఆడపిల్ల. వారం పోయింది. ఆ పిల్ల మాత్రం ఆ వీధిలోనే ఉంది, హంతకుడి ముఖం చూసిన ఒకే ఒక్క మనిషి, ఆమెను ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు.

## రాస్తున్నప్పుడు

ప్రతి అధ్యాయం చివర ట్విస్టు ఉండాలా?

అక్కర్లేదు. ప్రశ్న ఉంటే చాలు. "తలుపు వెనక ఎవరో ఉన్నారు" కన్నా "ఆమె తాళం రెండుసార్లు తిప్పింది, రోజూ ఒక్కసారే తిప్పుతుంది" ఎక్కువ దూరం నడిపిస్తుంది.

హత్యల్ని ఎంత వివరంగా రాయాలి?

నా మాట గట్టిగానే చెబుతాను. చంపే పద్ధతిని నాలుగు పేజీలు రాసి, చనిపోయిన మనిషికి నాలుగు వాక్యాలు ఇచ్చే రాతప్రతులు నాకు ఎక్కువగా వస్తున్నాయి. తలకిందులు చేయండి. పూర్ణామార్కెట్లో పూలు కట్టే మనిషి చనిపోతే, మర్నాడు ఆమె కోసం వచ్చే వాడుకదార్లు, సగం కట్టి వదిలేసిన కనకాంబరాల దండ, ఆమెకు రావాల్సిన చీటీ డబ్బు, వీటిని రాయండి. ఆమె లేని లోటు పాఠకుడికి తగిలితేనే హంతకుడు దొరకాలన్న తపన పుడుతుంది. విషం మోతాదులు, దొరికే చోట్లు మాత్రం రాయకండి.

నిజంగా జరిగిన కేసు తీసుకోవచ్చా?

బహిరంగంగా ఉన్న తీర్పుల్లోంచి విషయం తీసుకోవచ్చు. మనుషుల పేర్లు, ఇళ్లు, గుర్తుపట్టే ఆనవాళ్లు మార్చెయ్యండి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం, చనిపోయినవారి విషయంలోనూ అంతే. విచారణ నడుస్తున్న కేసు జోలికి వెళ్లవద్దు. నిందితుణ్ని మీరు హంతకుడిగా రాసేశాక కోర్టు వదిలేస్తే, మీ పుస్తకం ఒక మనిషి జీవితం మీద మచ్చగా మిగులుతుంది.

చివర్లో భార్యాభర్తలు కలవాలా, విడిపోవాలా?

కేసు తేలింది కాబట్టి కాపురం కూడా బాగుపడాలని లేదు. హంతకుడు దొరికిన రాత్రి సీఐ ఇంటికొచ్చి "అయిపోయింది" అంటే, ఆమె ఏ విషయం గురించి అనుకోవాలో ఆమెకే వదిలేయండి. విడిపోయినా ఒకరినొకరు గౌరవించుకునే ముగింపు మన నవలల్లో తక్కువ. అది రాయగలిగితే రాయండి.

## పూర్తయ్యాక

ఎక్కడ ప్రచురించాలి?

వారపత్రికలకు పంపితే ధారావాహికగా రావచ్చు, జవాబుకు నెలలు పడుతుంది. ప్రతిలిపి లాంటి యాప్‌లలో భాగాలుగా పెడితే వెంటనే పాఠకులు దొరుకుతారు. సొంతంగా అచ్చు వేయించుకుంటే ఐఎస్‌బీఎన్ నంబరు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, ఎవరికీ డబ్బు కట్టకండి.

ముందుగా ఎవరికి చదివించాలి?

ముగ్గురికి. స్టేషనులో పనిచేసి రిటైరైన ఒకరికి, కోర్టు తెలిసిన ఒకరికి, ఈ రెండిటితోనూ సంబంధం లేకుండా ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఒకావిడకి. నా రెండో నవల రాతప్రతిని రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన చదివి, దర్యాప్తు అధ్యాయాల్లో రెండు చోట్ల టిక్కు పెట్టారు, అంతే. ఆయన భార్య కూడా చదివారని నాకు తెలియదు. కాపురం అధ్యాయంలో, సీఐ భార్య రాత్రంతా మేలుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుందని నేను రాసిన చోట, పక్కన పెన్సిలుతో ఉంది: "మొదటి రెండేళ్లే అలా కూర్చుంటాం. ఆ తర్వాత నిద్రపోతాం. బండి చప్పుడుకి మాత్రం మెలకువ వస్తుంది." ఆ అధ్యాయం మొత్తం మళ్లీ రాశాను.